అద్దె యింటిలోని లోపము: ఖర్చు ఎవరిది?

సంఘ సభ్యులగు రైతు సోదరులకు,

గడచిన మాసములలో ఈ పత్రికయందు విత్తనములను గూర్చియు, పశువుల మేతను గూర్చియు వ్రాసితిని. ఈ మాసము పొలమును విడిచి యింటిలోనికి వచ్చుచున్నాను. మన సభ్యులలో పలువురు పిల్లల చదువుకొరకు పట్టణములో ఇండ్లు అద్దెకు తీసికొని యున్నారు. మరికొందరు రెక్కల కష్టముతో పట్టణమున చిన్న యిల్లు కట్టుకొని, దానిని అద్దెకిచ్చి, ఆ రాబడిని నమ్ముకొని యున్నారు. కాబట్టి ఈ పత్రిక చదువువారిలో అద్దెదారులును గలరు, యజమానులును గలరు. కారు కుళాయి, పగిలిన గొట్టము, పాడైన తీగ మొదలగువానివలన గలుగు నష్టము ఎవరు భరింపవలెనను తగవు ఈ యిరువురి నడుమను తరచుగా పుట్టుచున్నది. తగవు చిన్నదే, కాని దానివలన స్నేహములు చెడుచున్నవి, పిల్లల చదువులకును భంగము కలుగుచున్నది. నేను మధ్యవర్తిగా నుండిన యొక సంగతిని ముందు చెప్పి, అందుండి నేర్చుకొనవలసిన దానిని పిదప వివరించెదను.

1. జరిగిన సంగతి

మన సభ్యుడొకాయన కుమార్తెను, కుమారుని పట్టణములో చదివించుచు, నెలకు 4,000 రూపాయల అద్దెకు ఒక యిల్లు తీసికొనెను. పిల్లలకు వండిపెట్టుటకు తన తల్లిని అచ్చట నుంచెను. ఇంటి యజమానురాలు వెనుక భాగమున ఒంటరిగా కాపురముండు వృద్ధురాలు. ఆ యద్దెయే ఆమెకు జీవనాధారము. ఇరుపక్షముల వారును మర్యాదస్థులే.

మొదట నెలకు 500 రూపాయలు వచ్చుచుండిన కరెంటు బిల్లు ఒక నెల 1,100 రూపాయలు వచ్చెను. తరువాతి రెండు నెలలును అట్లే వచ్చెను. మూడు నెలలలో 1,800 రూపాయలు అధికమయ్యెను. కరెంటు తీసివేయుదురను భయముచే మన సభ్యుడు సొమ్మంతయు కట్టి, మూడవ నెల అద్దెలో ఆ మొత్తమును పట్టుకొందునని చెప్పెను.

“బాబూ, మీటరు తిరిగినది మీ వాడుకకే గదా, నన్నడుగుట యేమి న్యాయము?” అని ఆమె యనెను. “అమ్మగారూ, భూమిలోని గొట్టము నేను పాతితినా?” అని ఆయన యనెను. మాట పెరిగి, ఆమె యిల్లు ఖాళీ చేయుమనెను. అప్పటికి ఆ యమ్మాయి పరీక్షలు పదునైదు దినములలో నుండెను. ఆ సమయమున ఆయన నన్ను పిలిపించెను.

నేను విద్యుత్తు పని యెరిగినవాడను గాను. వెళ్లినంతనే నా కంటబడినది పెరటిలోని అరటి పిలక. ఎండలు ముదిరిన దినములు. ఆ పెరటిలో ఎవ్వరును నీరు పెట్టుట లేదు. తక్కిన మొక్కలన్నియు వాడియుండగా, అరటి యాకులు మాత్రము వెడల్పుగా, నవనవలాడుచుండెను. చుట్టును కొత్త పిలకలు లేచియుండెను. గునపముతో జానెడు లోతు త్రవ్వగా మన్ను బురదగా వచ్చెను. మిద్దెమీది తొట్టినుండి స్నానపు గదికి పోవు గొట్టము ఆ చోటనే అతుకువద్ద విడిపోయి యుండెను. తొట్టిలోని నీరు రేయింబవళ్లు భూమిలోనికి పోవుచుండుటచే, తొట్టి నింపుటకు బోరు మోటారు దినమునకు మూడు గంటలు అధికముగా నడచుచుండెను.

లెక్క చూడుడు. ఒక హార్సుపవరు మోటారు గంటసేపు నడచిన సుమారు ఒక యూనిట్టు కరెంటు తీసికొనును. దినమునకు 3 గంటలు, నెలకు 30 దినములు: 90 యూనిట్లు. గృహ వాడుకకు యూనిట్లు పెరిగినకొలది, పై యూనిట్లకు ధరయు పెరుగును. కనుకనే బిల్లు రెండింతలు దాటెను. మీటరులో దోషము లేదు. వాడుకొన్నవారు లేరు. వాడుకొన్నది అరటి చెట్టు.

2. శాసనము చెప్పునది

ఇండ్ల అద్దె విషయమున మన దేశమునకు మూలమగు శాసనము 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము. అందు 108వ సెక్షనులో యజమానికిని అద్దెదారునకును గల హక్కులు, బాధ్యతలు చెప్పబడినవి. వానిలో మనకు కావలసినవి ఇవి:

(అ) ఇంటిలో ముఖ్యమైన లోపముండి, అది యజమానికి తెలిసి, సామాన్యముగా చూచినంత అద్దెదారునకు కనబడనిదైనచో, యజమాని దానిని ముందుగా తెలుపవలెను.

(ఆ) యజమాని చేయవలసిన మరమ్మతును, నోటీసు అందిన పిదప తగినంత కాలములో చేయకపోయినచో, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో పట్టుకొనవచ్చును.

(ఇ) అద్దెదారు తాను పుచ్చుకొన్నపుడు ఇల్లెట్లున్నదో అట్టి స్థితిలో నుంచి, తిరిగి అప్పగింపవలెను. వాడుకచే సహజముగా గలుగు అరుగుదలకును, ఆపశక్యముగాని విపత్తులకును అతడు బాధ్యుడు గాడు.

(ఈ) తనవలనగాని, తనవారివలనగాని కలిగిన లోపమును, యజమాని నోటీసు ఇచ్చిన మూడు నెలలలోపల అద్దెదారు బాగుచేయింపవలెను.

(ఉ) తెలివిగలవాడు తన సొంత వస్తువును వాడుకొనునట్లు అద్దెదారు ఆ యింటిని వాడుకొనవలెను.

ఇచ్చట రెండు సంగతులు మరువకూడదు. మొదటిది: ఒడంబడికలోగాని, స్థానికాచారములోగాని వేరొక విధముగ నున్నచో అదియే చెల్లును. పైవి అట్టి ఏర్పాటు లేనపుడు వర్తించునవి. రెండవది: యజమాని “చేయవలసిన మరమ్మతు” అని చట్టము చెప్పినదే గాని, ఇవి యివి అతడు చేయవలెనని జాబితా నిచ్చి యుండలేదు. కనుక ఆ జాబితా మీ ఒడంబడికలో నుండవలెను. అది లేనిచోటనే తగవు పుట్టును.

వ్యవసాయ భూముల కౌళ్లకు ఈ సెక్షను సామాన్యముగా వర్తింపదు. ఆ చట్టమే 117వ సెక్షనులో వానిని మినహాయించినది. కావున పొలపు గట్టు, తూము తగవులకు ఈ పాఠమును వాడకుడు. ఇండ్లకు, దుకాణములకు, గిడ్డంగులకు వాడుడు.

3. ఏది యెవరి పని?

కేంద్ర మంత్రివర్గము 2021వ సంవత్సరము జూను 2వ తేదీన ఆమోదించి రాష్ట్రములకు పంపిన నమూనా అద్దె చట్టములో ఇట్టి జాబితా యొకటి కలదు. రాష్ట్రము తన చట్టముగా చేసికొన్నప్పుడే అది శాసనమగును. అయినను ఒడంబడిక వ్రాసికొనువారికి అది మంచి మాదిరి.

దాని ప్రకారము యజమాని పనులు: గోడలు, కప్పు మొదలగు కట్టడపు మరమ్మతులు (అద్దెదారు చెరిపినవి తప్ప), గోడలకు సున్నము, తలుపులకు, కిటికీలకు రంగు, అవసరమైనపుడు నీటి గొట్టములు మార్చుట, లోపలి వెలుపలి విద్యుత్తు తీగల పని.

అద్దెదారు పనులు: కుళాయి వాషర్లు, కుళాయిలు మార్చుట, మోరీలు శుభ్రము చేయించుట, మరుగుదొడ్డి, చేతులు కడుగు తొట్టి, గీజరు మరమ్మతులు, స్విచ్చులు, సాకెట్లు, తలుపుల గుబ్బలు, బీగములు, కిటికీ అద్దములు.

ఈ విభజనలోని న్యాయము రైతునకు సులభముగా తెలియును. చేతితో నిత్యము తాకి వాడుకొనునవి అద్దెదారువి. గోడలోను, భూమిలోను దాగియుండి ఇంటితోపాటు నిలిచియుండునవి యజమానివి. కుళాయి అద్దెదారుది, దాని వెనుకనున్న గొట్టము యజమానిది. స్విచ్చు అద్దెదారుది, గోడలోని తీగ యజమానిది.

4. మధ్యవర్తి వేయవలసిన రెండు ప్రశ్నలు

లోపమును బాగుచేయు ఖర్చు వేరు, ఆ లోపమువలన పెరిగిన బిల్లు వేరు. ఈ రెంటిని కలిపి మాటలాడుటచేతనే తగవు తెగకుండును. మొదటిదానికి “లోపము ఎవరి వస్తువులో నున్నది?” అను ప్రశ్న చాలును. రెండవదానికి “లోపము ఎప్పుడు తెలిసినది? తెలిసినవాడు రెండవవానికి ఎప్పుడు తెలిపెను?” అని కూడ అడుగవలెను.

పై సంగతిలో గొట్టము యజమానురాలిది. కావున మరమ్మతునకైన 900 రూపాయలు ఆమె భరింపవలెనని ఆమెయే యొప్పుకొనెను. ఆ సొమ్మును అప్పటికి మన సభ్యుడే యిచ్చి పని చేయించెను. మొదటి నెల అధికమైన 600 రూపాయలు దాగియున్న లోపమువలన వచ్చినవి. అప్పుడు అద్దెదారునకు తెలియుటకు వీలు లేదు. అదియు ఆమె భాగమే.

తక్కిన రెండు నెలల 1,200 రూపాయల వద్ద చిక్కు వచ్చెను. మొదటి బిల్లు చూచినపుడే ఏదో లోపమున్నదని మన సభ్యునకు తోచి యుండవలెను. “నేనా మరునాడే అరుగుమీద కూర్చుండి అమ్మగారితో చెప్పితిని” అని ఆయన యనెను. “నాతో నెవ్వరును చెప్పలేదు నాయనా” అని ఆమె యనెను. ఇరువురును అబద్ధమాడువారు కారు. ఆయన “ఈ నెల కరెంటు ఎక్కువ వచ్చినదండీ” అని యుండును. ఆమె అది ధరల మాటయని తలచి “ఔను బాబూ, అన్నియు పెరిగినవి” అని యుండును. తెలుపుట యనగా అది కాదు. వ్రాసి యిచ్చిన ముక్క యొకటి యున్నచో, ఆ 1,200 రూపాయలును ఎవరివో నిమిషములో తేలియుండెడిది. అది లేకపోవుటచే చెరి 600 రూపాయలుగా పంచుకొనుట తప్ప వేరు మార్గము కనబడలేదు.

మొత్తము లెక్క యిది:

అద్దెదారు చేతినుండి పెట్టినది: బిల్లులలో అధికము 1,800, మరమ్మతు 900, వెరసి 2,700 రూపాయలు.
అతని భాగము: 600 రూపాయలు.
యజమానురాలి భాగము: 900, 600, 600, వెరసి 2,100 రూపాయలు.

ఈ 2,100 రూపాయలను ఒకే నెల పట్టుకొన్నచో ఆ వృద్ధురాలికి గడచుట కష్టము. కనుక నెలకు 700 చొప్పున మూడు నెలల అద్దెలో మినహాయించుకొనుటకు ఒప్పందమై, ఇరువురును చేవ్రాళ్లు చేసిరి. ఇది కోర్టు తీర్పు గాదు, ఉభయుల రాజీ. ఆ యమ్మాయి ఆ యింటనే యుండి పరీక్షలు వ్రాసెను.

5. లోపమును కనుగొను విధములు

పైరులో తెగులును మొదటి ఆకుమీదనే పట్టినట్లు, ఇంటి లోపమును మొదటి బిల్లునందే పట్టవలెను. వీనికి పనివాడక్కరలేదు.

నీటి పరీక్ష: రాత్రి పరుండబోవు ముందు తొట్టిలో నీటిమట్టమును సుద్దతో గుర్తుపెట్టి, కుళాయిలన్నియు కట్టివేయుడు. తెల్లవారి యెవరును వాడకముందు చూడుడు. మట్టము దిగియున్నచో గొట్టమో కుళాయియో కారుచున్నదన్నమాట.

గ్లాసు పరీక్ష: కారు కుళాయిక్రింద పావులీటరు గ్లాసు నుంచుడు. అది అయిదు నిమిషములలో నిండిన, గంటకు 3 లీటర్లు, దినమునకు 72 లీటర్లు, నెలకు 2,160 లీటర్లు. కొద్ది రూపాయల వాషరును ఉపేక్షించుటవలన పోవు నీరిది.

మీటరు పరీక్ష: ఇంటిలోని దీపములు, పంకాలు, యంత్రములు అన్నియు ఆపి, మీటరును కొంతసేపు చూడుడు. అప్పటికిని లెక్క నడచుచున్న, ఎచ్చటనో కరెంటు పోవుచున్నది. పిదప మెయిను స్విచ్చును ఆపి చూడుడు. అప్పుడు ఆగిన, లోపము ఇంటిలోని తీగలలోనో యంత్రములలోనో గలదు. ఆగనిచో మీటరు పరీక్షకు విద్యుత్తు కార్యాలయములో అర్జీ యిండు. మీటరు సీలును మాత్రము ఎట్టి పరిస్థితిలోను ముట్టకూడదు.

గోడను, కుళాయిని, మోటారును తాకినపుడు చేయి జిల్లుమన్నచో అది ఖర్చు తగవు గాదు, ప్రాణసంకటము. వెంటనే మెయిను స్విచ్చును ఆపి, తెలిసిన పనివానిని పిలువుడు. సొమ్ము ఎవరిదో పిదప చూచుకొనవచ్చును.

బిల్లుమీద తగవున్నదని కట్టుట మానకుడు. 2003వ సంవత్సరపు విద్యుచ్ఛక్తి చట్టము 56వ సెక్షను ప్రకారము, బకాయి యున్నచో 15 పూర్తి దినముల వ్రాతపూర్వకమగు నోటీసు ఇచ్చి కరెంటు తీసివేయవచ్చును. బిల్లే తప్పని మీ వాదమైనచో, అడిగిన మొత్తమునో, గడచిన ఆరు నెలల సగటు ప్రకారమగు మొత్తమునో, ఏది తక్కువైన దానిని, అభ్యంతరమును తెలుపుచు కట్టినయెడల, తగవు తేలువరకు కరెంటు తీసివేయరాదని ఆ సెక్షనే చెప్పుచున్నది.

6. వ్రాతయే రక్ష

నేను చదివిన మిషను పాఠశాల వసతిగృహములో నూతి గిలకవద్ద ఒక పుస్తకము దారముతో కట్టి యుండెడిది. చేద చిల్లిపడినను, త్రాడు పీచులెత్తినను మొదట చూచిన బాలుడు తేదీ వేసి అందు వ్రాయవలెను. వ్రాసినవానికి దండన లేదు. చూచియు వ్రాయనివానికి ఆ వారము తోట తడుపు పని. అప్పుడది కఠినమని తలచితిమి. లోపము చేయుటకంటె దానిని దాచుటయే యెక్కువ ఖర్చని నేడు నాకు తెలియుచున్నది.

ఇల్లు పుచ్చుకొను దినముననే ఇరువురును కలిసి కుళాయిలు, స్విచ్చులు, మోటారు, తలుపులు, కప్పు చూచి, వాని స్థితిని ఒక కాగితముపై వ్రాసి, మీటరు అంకెను గూడ వేసి, ఇరువురును సంతకము చేయవలెను. నేడు చేతి ఫోనుతో ఛాయాచిత్రములు తీసికొనుటయు సులభమే. ఒడంబడికలో ఏది యెవరి పనియో, ఖర్చును అద్దెలో ఎట్లు మినహాయింపవలెనో వ్రాసికొనుడు. సంవత్సరమునకు మించిన గడువునకు ఒడంబడిక చేసికొన్నచో రిజిస్ట్రేషను అవసరమని మరువకుడు.

లోపము కనబడినపుడు యజమానికి ఈ విధముగ వ్రాయవచ్చును:

“అయ్యా/అమ్మా, మీ యింటిలో అద్దెకున్న నేను తెలుపుకొనునది. ఈ తేదీన ఇంటి ఫలాని చోట ఫలాని లోపము కనబడినది. దీనివలన ఇట్టి నష్టము కలుగుచున్నది. దయయుంచి ఇన్ని దినములలో బాగుచేయింప కోరుచున్నాను. తమకు వీలుగానిచో, తమ యనుమతితో నేను చేయించి, రసీదు చూపి అద్దెలో మినహాయించుకొందును.”

దీని ప్రతియొకటి మీ వద్ద నుంచుకొనుడు. చదువురాని యజమానియైన, చదివి వినిపించి, సాక్షి సంతకము తీసికొనుడు. యజమానులకును ఇదే మాట: అద్దెదారు వస్తువును చెరిపినచో నోరు పారవేసికొనక, వ్రాసి తెలుపుడు.

నోటీసు ఇచ్చితిమని నష్టమును పెరుగనీయకూడదు. తొట్టి కారుచున్నచో వాల్వు కట్టివేయుట అద్దెదారు చేతిలోని పని. తప్పించుకొనగలిగిన నష్టమును ఊరక చూచుచు కూర్చుండినవానికి ఆ భాగము పరిహారముగా రాదనుట 1872వ సంవత్సరపు కంట్రాక్టు చట్టము 73వ సెక్షనులోని న్యాయము. సంఘము అద్దెకు తీసికొనిన గిడ్డంగికిని ఇదియే వర్తించును. కప్పు కారుట యజమాని లోపమే. అయినను కారుచున్నదని తెలిసియు యూరియా బస్తాలను దానిక్రిందనే యుంచినచో, ఆ తడిసిన బస్తాల నష్టము సంఘము మీదనే పడవచ్చును.

ఇంతచేసినను తగవు తీరనిచో, కోర్టుకు పోవుటకు ముందు లోక్ అదాలతును ఆశ్రయింపుడు. 1987వ సంవత్సరపు న్యాయసేవా ప్రాధికారముల చట్టము ప్రకారము అచ్చటి రాజీ సివిలు కోర్టు డిక్రీతో సమానము, దానిమీద అప్పీలు లేదు. స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయ సహాయము లభించును.

సభలో చర్చకు ప్రశ్నలు

1. మీరు అద్దెకున్న, లేక అద్దెకిచ్చిన యింటి కుళాయిలు, గొట్టములు, తీగలు ఎవరి పూచీలో నున్నవని మీ ఒడంబడికలో వ్రాసియున్నదా?
2. లోపమును బాగుచేయు ఖర్చునకును, లోపమువలన పెరిగిన బిల్లునకును గల భేదమేమి?
3. పై సంగతిలో మన సభ్యుడు మొదటి బిల్లు వచ్చిన మరునాడే వ్రాసి యిచ్చియుండిన, అతని భాగము ఎంత యగును?

మూడవ ప్రశ్నకు జవాబు సున్న. ఆ 600 రూపాయలు ఆయన గొట్టమునకు గాని, కరెంటునకు గాని ఇచ్చినవి కావు. ఒక కాగితపు ముక్క వ్రాయనందుకు ఇచ్చినవి. మనలో ఎవరికిని ఆ ఖర్చు రాకుండుగాక.